మూలిగే ఉద్యోగార్థి

శుద్ధ పంచమి, ఉదయం పోటు

ఉపాధి ద్వారం వారి ఆజ్ఞ ప్రకారం ఈ రోజు నుంచి ప్రయత్న చిట్టా మొదలుపెడుతున్నాను. ఉద్యోగం లేనివాడు ఉద్యోగం కోసం ఏమేం చేశాడో పలక మీద రాసి పంపుతూ ఉండాలి. రాయకపోతే బద్ధకస్తుడని నమోదు చేస్తారు. రాస్తే ఏమని నమోదు చేస్తారో ఇంకా తెలియదు.

పేరు చిక్కం గంగాధరం. శివుడికి గంగ నెత్తి మీద ఉంటే నాకు కాళ్ళ కింద ఉంది. ఊరు తేలులంక. తేళ్ళేమీ ఉండవు, ఊరే తేలుతుంది. పాత లంకలన్నీ సముద్రంలో కలిసిపోయాక గోదావరి నోటి దగ్గర కట్టిన ఊరు ఇది. మధ్యలో బడి, రేవు, బజారు. చుట్టూ మా తెప్పిళ్ళు, అంటే తెప్పల మీద కట్టిన ఇళ్ళు. ఒక్కొక్క తెప్పిల్లూ ఒక్కొక్క మోకుతో లంక స్తంభానికి ముడివేసి ఉంటుంది. పోటొస్తే అందరం పైకి లేస్తాం, పాటొస్తే అందరం కిందికి దిగుతాం. నా జీవితంలో క్రమం తప్పకుండా పైకి లేచేది ఇల్లొక్కటే.

నేను పంటు మీద టిక్కెట్లు కోసేవాణ్ణి. రెండు పడవలు జతగా బిగించి, పైన బల్లలు పరిచి, మనుషుల్నీ బళ్ళనీ దాటించేదే పంటు. కిందటి వేసవిలో దానికి తనంతట తాను నడిచే తెలివి వచ్చింది. టిక్కెట్లు కూడా అదే కోసుకుంటోంది. నాకు మాత్రం తెలివి రాలేదు. ఉద్యోగం పోయాక కూడా చాలా రోజులు అలవాటు కొద్దీ రేవుకి వెళ్ళి నిలబడ్డాను. చివరికి పంటే నన్ను, "దయచేసి దారి ఇవ్వండి" అంది.

ఇప్పుడు అసలు సంగతి. లంకలో పని లేనివాడికి ముడి లేదు. అమావాస్య పోటుకల్లా నాకు పని దొరక్కపోతే నా తెప్పిల్లు విప్పి, నడిసముద్రంలో ఉన్న చివరి లంకకి లాక్కుపోతారు. అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చిన దాఖలాలు లేవు. నా పక్క తెప్పిల్లు మా అక్కది, పేరు మంగతాయారు. మా బావ ఈ లంక కట్టిన మేస్త్రీల్లో ఒకడు గనక ఆయన పోయినా అక్కది శాశ్వత ముడి. దాన్ని ఆమె తప్ప ఇంకెవరూ విప్పకూడదు. రెండు ఇళ్ళకీ మధ్య ఒక బల్ల ఉంది. దాని మీదుగా పూటపూటకీ వెళ్ళి అన్నం తిని వస్తాను. అమ్మ పోయినప్పటి నుంచి నన్ను పెంచింది అక్కే. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఒకే కుటుంబం కాదని లంక చట్టం. నేను వెళ్ళిపోతే ఆమె ఇక్కడ, నేనక్కడ. నాకు భయంగా ఉంది. చిట్టాలో భయం రాయవచ్చో లేదో నిబంధనల్లో లేదు.

శుద్ధ సప్తమి

దరఖాస్తు నింపాను. నింపాను అంటే, ముందు నా అనుభవమంతా ఒక కాగితంగా తయారుచేసి ఎక్కించమన్నారు. ఎక్కించాను. తర్వాత అదే అనుభవాన్ని గడుల్లో విడివిడిగా రాయమన్నారు. రాశాను. మొదటి పేరు, ఇంటిపేరు అని అడిగితే, మనకి మొదట వచ్చేది ఇంటిపేరే కదా అని మొదటి గడిలో చిక్కం అని రాశాను. ఇక నుంచి ద్వారం వారు నన్ను "చిక్కం గారూ" అని పిలుస్తారట. చిక్కం అంటే మేతకి మూతి పెట్టకుండా దూడకి కట్టేది. ఉద్యోగార్థికి అంతకంటే తగిన పేరు దొరకదు.

అంతా అయ్యాక నేను యంత్రాన్ని కానని రుజువు చేసుకోమన్నారు. బొమ్మలిచ్చి, పడవలున్న గడులన్నీ నొక్కమన్నారు. ఒళ్ళంతా ఉప్పుపట్టిన పంటువాణ్ణి, నాకు పరీక్షా అని నవ్వుకున్నాను. ఒక గడిలో పంటు ఉంది. పంటు కింద ఉండేవి రెండు పడవలు. అందుకని ఆ గడిని రెండుసార్లు నొక్కాను. రెండోసారి నొక్కితే మొదటి నొక్కు రద్దవుతుందని ఎవరూ చెప్పలేదు. మళ్ళీ ఇచ్చారు, మళ్ళీ రెండుసార్లు నొక్కాను. నిజాయితీ అలాంటిది. మూడోసారి, నేను మనిషినన్న విషయం అనుమానాస్పదంగా ఉందనీ, రేపు ప్రయత్నించమనీ సెలవిచ్చారు.

అక్కకి చెబితే నవ్వి నవ్వి కూర మాడ్చింది.

"ఒరే గంగా, అయితే ఇన్నాళ్ళూ నేను అన్నం పెడతంది మనిషికి కాదన్నమాట!"

శుద్ధ దశమి

పంటు గడిని ఒక్కసారే నొక్కి మొత్తానికి మనిషినయ్యాను. ఇవాళ మౌఖిక పరీక్ష. ఉద్యోగం సముద్రపు పాచి వేరుచేసే సహాయకుడు. పాచి పరిశ్రమ పుట్టి నాలుగేళ్ళయితే అనుభవం పదేళ్ళు కావాలట. ఉందని రాశాను. పాచి మీద జారిపడటం కూడా అనుభవమే.

అడిగేది సుభాషిణి. ఆమె మనిషి కాదు, ద్వారం వారి గొంతు. అచ్చమైన పుస్తకాల తెలుగు మాట్లాడుతుంది. ఉతికిన చొక్కా తొడుక్కుని పలక ముందు కూర్చున్నాను.

"నమస్కారం చిక్కం గారూ. మీరు పరీక్షకు సిద్ధముగా ఉన్నారా?"

"ఆయ్," అన్నాను.

సుభాషిణి కాసేపు ఆగింది. "మీరు కుదుటపడువరకు వేచియుందును," అంది.

ఎంత మర్యాదస్తురాలో అనుకున్నాను. మా పంటు అధికారి ఎప్పుడైనా ఇలా అన్నాడా?

"మీకు నీటిపై పనిచేసిన అనుభవము కలదా?"

"ఆయ్."

"మంచినీరు త్రాగెదరా?"

ఇంటికి వచ్చినవాళ్ళని మనం అడగాల్సిన మాట ఆమే అడిగింది. కరిగిపోయాను. "ఆయ్, తర్వాత తాగుతానండి," అన్నాను.

"మీ బలహీనత యేమి?"

"రొయ్యల ఇగురండి."

"ఐదు సంవత్సరముల తరువాత మిమ్ము మీరు ఎక్కడ చూచుకొనుచున్నారు?"

"అది పోటుని బట్టి ఉంటుందండి. తెప్పిల్లు కదండి."

ఇలా చాలాసేపు సాగింది. ప్రతి మాటకీ వినయంగా ఆయ్ అన్నాను. చివరికి ఆమె గొంతు తగ్గించి, "మీరు త్వరగా కోలుకొనవలెనని మా ఆకాంక్ష," అంది. పుస్తకాల భాషలో వీడ్కోలు అలాగే చెబుతారు కాబోలు అనుకుని, "ఆయ్, మీరూ కోలుకోవాలండి," అన్నాను.

బ్రహ్మాండంగా చేశానని అక్కకి చెప్పాను. జీతంతో ఏం కొనాలో కూడా మాట్లాడుకున్నాం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

శుద్ధ ద్వాదశి

"ప్రస్తుతానికి మీ దరఖాస్తును ముందుకు తీసుకొనిపోజాలమని తెలుపుటకు చింతిస్తున్నాము."

కారణం రాయలేదు. అడగడానికి ఒక మీట ఉంది. నొక్కితే, మీ ప్రశ్నకు ధన్యవాదాలు అని వస్తుంది. నాలుగుసార్లు నొక్కి నాలుగు ధన్యవాదాలు సంపాదించాను.

సాయంత్రం ఒక కొంగ వచ్చి మా బల్ల మీద వాలింది. నిజం కొంగ కాదు, సరుకులు తెచ్చే ఎగిరే యంత్రాన్ని మేమలా అంటాం. ముక్కున ఒక పొట్లం. విప్పితే నొప్పి నూనె. ఉపాధి ద్వారం వారి కానుక అని రాసి ఉంది.

ఉద్యోగం ఇవ్వకపోయినా ఉత్త చేతులతో పంపలేదని నేను మెచ్చుకున్నాను. అక్క ఆ రాత్రే మోకాళ్ళకి రాసుకుని, "ఉజ్జోగం రాపోతే రాపోయింది గానీ నూనె మంచిదిరా," అంది.

పౌర్ణమి

గాలిమర కాపలా ఉద్యోగానికి పెట్టాను. అదే సుభాషిణి, అవే ప్రశ్నలు. రాలేదు. మోకాలి పట్టీ వచ్చింది. వలలు ఆరబెట్టే పర్యవేక్షకుడికి పెట్టాను. వేడినీళ్ళ సంచి వచ్చింది. బడిలో గంట కొట్టే పనికి పెడితే పిడి వంపు తిరిగిన చేతికర్ర వచ్చింది.

అక్క మోకాళ్ళు పదేళ్ళు వెనక్కి వెళ్ళాయి. బల్ల మీద టకటకా నడుస్తోంది. నా గురించి బెంగ పెట్టుకోవాలని అప్పుడప్పుడూ గుర్తు చేసుకుంటుంది గానీ ఎక్కువసేపు నిలవదు.

"ఇంకో దానికి పెట్టరా. ఈసారి నడుంకి పనికొచ్చేది చూడు."

"ఉద్యోగాలు నడుముకి పనికొచ్చేవి ఉండవక్కా."

"అంటే అన్నానంటావు. నీకు ఏరుకోడం చేతకాదు."

బహుళ తదియ

పలక తెరిస్తే నా పేరు కింద ఎప్పుడూ ఉండే ఉద్యోగార్థి అన్న మాట లేదు. రోగి అని ఉంది.

వ్యాధి: కారణం తెలియని బాధ. స్థాయి: తీవ్రం, నిరంతరం. ఆధారం: మౌఖిక పరీక్షలన్నిటిలో ఎడతెగని మూలుగులు. చర్య: అమావాస్య పోటున రోగిని తెప్పిల్లుతో సహా ఆరోగ్య నౌకకు తరలించుట. నౌక ఎక్కడ ఉంటుందో చూస్తే, చివరి లంక కంటే కూడా అవతల ఉంది.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు అంటారు. ఆ నక్క కనీసం మూలిగింది. నేను అది కూడా చేయకుండానే తాటిపండు పడింది.

మరి మూలిగింది ఎవరు? చాలాసేపు ఆలోచించి తలుపని తేల్చాను. మా తలుపు బందులు గాలికి కిర్రుమంటాయి. మిగిలిన నొప్పి నూనె అంతా బందులకి పోశాను. అక్క చూసి నోటికొచ్చినట్టు తిట్టింది. తలుపు మాత్రం హాయిగా ఉంది.

బహుళ షష్ఠి

ఆరోగ్య నౌక నుంచి డాక్టరమ్మ వచ్చింది. మనిషే. పేరు ఓబుళమ్మ, వయసు చిన్నది, మెట్ట ప్రాంతం అనంతపురం పిల్ల. పడవ దిగుతూనే తెప్పిల్లు ఊగుతుంటే గోడ పట్టుకుంది. ఎవరు రోగో ఎవరు డాక్టరో మొదట్లో తెలియలేదు.

"యాడన్నా నొప్పి?" అని అడిగింది.

"ఎక్కడా లేదండి."

"లేకుంటే నన్నెందుకు పంపిస్తారు? పండుకో." పొట్ట మీద వేలితో నొక్కింది. "ఈడ నొక్కుతాండా, తెలుస్తాందా?"

"ఆయ్."

చటుక్కున చెయ్యి తీసింది. "నొప్పి ఉండాది కదా మళ్ళా!"

"లేదండి. తెలుస్తోందా అన్నారు కదండి. తెలుస్తోందండి."

"సరే. ఈడ?"

"ఆయ్."

"ఈడ?"

"ఆయ్."

"ఏమన్నా నువ్వు! నొప్పి ఉండాదో లేదో చెప్పకుండా ఇట్ల ఆయ్ ఆయ్ అంటా ఉంటే నేనేం రాసుకోవల్ల?"

బల్ల మీద నిలబడి ఇదంతా చూస్తున్న అక్క ఇక ఆగలేకపోయింది. "అదేంటమ్మా డాక్టరమ్మా, ఆయ్ అంటే అవునండీ అని కదా! పెద్దోళ్ళతో, పరాయోళ్ళతో మర్యాదగా మాట్లాడక ఏం చేత్తాడు?"

డాక్టరమ్మ అక్కకేసి చూసింది. నాకేసి చూసింది. తన పలక తీసి నా మౌఖిక పరీక్ష వినిపించింది. సిద్ధముగా ఉన్నారా? ఆయ్. అనుభవము కలదా? ఆయ్. నా ప్రతి ఆయ్ పక్కనా ఎర్ర అక్షరాల్లో మూలుగు, మూలుగు, మూలుగు. సుభాషిణికి భాష నేర్పినప్పుడు గోదారి నోరు ఒక్కటి కూడా వినిపించినట్టు లేదు. ఆమెకి ఆయ్ అంటే కాలికి మేకు దిగడమే.

డాక్టరమ్మ నేల మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. నా బతుకు మీద ఇంకొకళ్ళు నవ్వుతుంటే మధ్యలో వదిలేయడం నాకు అలవాటు లేదు.

తర్వాత ఆమె నాకు జబ్బేమీ లేదని రాసి పంపింది. వెంటనే జవాబు వచ్చింది. ఒక వైద్యురాలి అభిప్రాయం కంటే ఇన్ని మూలుగులే నమ్మదగిన ఆధారమట. ఇంకోసారి మౌఖిక పరీక్షకి కూర్చుని, ఒక్కసారి కూడా మూలగకపోతేనే రోగి అన్న మాట చెరుపుతారట.

"అంతేనన్నా," అంది డాక్టరమ్మ వెళ్తూ. "అవును అను. ఆ మాట ఒక్కటి నోట్లో పెట్టుకుని కూర్చో. నువ్వు పోతే మీ అక్క ఒంటరిదైపోతాది."

బహుళ దశమి

అవును అనడం నేర్చుకుంటున్నాను. ఈ వయసులో.

గురువు అక్క. పద్ధతి ఏమిటంటే, ఆమె ప్రశ్నలు అడుగుతుంది. నేను ఆయ్ అంటే నా కంచంలోంచి ఒక రొయ్య తీసేస్తుంది. మొదటి రోజు వట్టి పులుసుతో తిన్నాను. రెండో రోజు పులుసు కూడా తీసేసింది.

అయినా ఆ మాట నోరు తిరగడం లేదు. ఎదుటివాళ్ళు ఏదో అడిగితే అవును అని ఊరుకోవడం చెంప మీద కొట్టినట్టు ఉంటుంది. ఆయ్ అన్నప్పుడు తల కాస్త వంగుతుంది, నడుం కాస్త వంగుతుంది. అవును అన్నప్పుడు ఏదీ వంగదు, నిలువునా నిలబడి ఉంటాను. నాకు అలా నిలబడటం రాదు. అక్కతో కూడా, మామూలు మాటకి ఆఁ అంటాను, తిడితే ఆయ్ అంటాను.

ఇవాళ మధ్యాహ్నానికి కుదిరింది.

"ఒరే గంగా, అన్నం సరిపోయిందా?"

"అవును."

"మజ్జిగ పొయ్యనా?"

"అవును."

అక్క మొహం ఎర్రబడింది. "అవునట, అవును! నా ముందర కూకుని అవునంటాడు! నీకు అన్నం పెడతన్నది ఎవరనుకుంటున్నావురా?"

తనే నేర్పిందని గుర్తొచ్చి గరిటె దించింది. మజ్జిగ పోసింది.

బహుళ ఏకాదశి

నవ్వు సహాయకుడు అనే ఉద్యోగం పడింది. మా పంటు మీదే. తనంతట తాను నడిచే పంటు ఎక్కాలంటే పెద్దవాళ్ళు భయపడుతున్నారట. అందుకని ఒక మనిషిని పెట్టి ఊరికే నవ్వుతూ నిలబడమంటారట. టిక్కెట్లు కోసినన్నాళ్ళూ నేను చేసింది అదే గానీ దానికో పేరుందని తెలియదు. పెట్టాను. ఎల్లుండి పరీక్ష.

అద్దంలో నవ్వి చూసుకున్నాను. ఇలా నవ్వేవాణ్ణి చూస్తే నేనైతే పంటు ఎక్కను.

బహుళ త్రయోదశి

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

అక్క నాకు నోటి నిండా పటిక బెల్లం పెట్టింది. ఆయ్ అనబోతే ముక్క అడ్డం పడుతుందని. పలక ముందు కూర్చున్నాను. సుభాషిణి వచ్చింది.

"మీరు పరీక్షకు సిద్ధముగా ఉన్నారా?"

"అవును."

"మీకు పంటుపై అనుభవము కలదా?"

"అవును."

బల్ల మీద అక్క గరిటె పట్టుకునే రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. ప్రశ్న తర్వాత ప్రశ్న, అవును తర్వాత అవును. ఒక్కటీ జారలేదు. ప్రయాణికుడు కోప్పడితే ఏమి చేయుదురు అంటే నవ్వుతాను అన్నాను. నవ్వి చూపించమంటే చూపించాను. చివరి ప్రశ్న అయిపోయింది. నా జన్మలో నేను ఒక పరీక్ష తప్పులేకుండా గట్టెక్కడం ఇదే మొదటిసారి.

"ధన్యవాదములు," అంది సుభాషిణి. "మీ సమాధానములు అన్నియు తృప్తికరము. మూలుగులు లేవు. కావున మీరు చిక్కం గంగాధరం కారు."

నాకు అర్థం కాలేదు. "అదేంటండి?"

"చిక్కం గంగాధరం గారు ప్రతి మాటకును మూలుగుదురు. అది వారి గుర్తింపు ముద్ర. మీరు వారి స్థానములో కూర్చున్న అన్యులు. ఉద్యోగము మీకు వర్తింపదు."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఆయ్ అంటే రోగిని, అనకపోతే నేను కాను. నేను నేనేనని ఇంటిపేరుతో సహా మొత్తుకున్నాను. బెల్లం ముక్క మింగేశాను. రక్తసంబంధీకులెవరైనా ఉంటే ధ్రువీకరించవచ్చునంది సుభాషిణి.

అక్క గరిటెతో సహా బల్ల దాటి వచ్చింది.

"నువ్వేనా సుభాషిణివి? ఏంటమ్మా నీ గోల?"

"ఈ వ్యక్తి మీ తమ్ముడు చిక్కం గంగాధరమేనా? అవునన్నచో పూర్వపు నమోదు ప్రకారము ఆరోగ్య నౌకకు తరలించబడుదురు. కాదన్నచో అక్రమ నివాసిగా చివరి లంకకు తరలించబడుదురు."

"ఇదేం బేరమే తల్లీ! ఆడి ఉజ్జోగం సంగతేంటి?"

"పూర్వపు నమోదున రోగి. ప్రస్తుత నమోదున అన్యుడు. ఇరువురికిని ఉద్యోగము లేదు."

అక్క నన్ను చూసింది. నేను నవ్వు సహాయకుడి నవ్వే నవ్వాను, ఇంకేం చేయాలో తెలియక. నాకు ఏడుపు వస్తోందని ఆమెకి తెలిసిపోయింది. చిన్నప్పుడు బడిలో దెబ్బలు తిని వచ్చినప్పుడు కూడా నేను ఇలాగే నవ్వేవాణ్ణి.

"అమ్మాయ్," అంది అక్క, ఇంత మెత్తగా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "ఆడితో పాటు నేనూ ఎల్లొచ్చా?"

"వీలుపడదు. మీరు శాశ్వత ముడి గల ఆరోగ్యవంతులు. ఒకే బాధ గల రక్తసంబంధీకులను మాత్రమే ఒకే మోకునకు కట్టి తరలించెదము."

అక్క గరిటె పక్కన పెట్టింది. చెంగుతో మొహం తుడుచుకుంది. నన్ను పక్కకి నెట్టి కుర్చీలో తను కూర్చుంది.

"మళ్ళీ అడుగు."

"ఈ వ్యక్తి మీ తమ్ముడేనా?"

"ఆయ్," అంది అక్క.

సుభాషిణి ఆగింది. "మీకు బాధగా ఉన్నదా?"

"ఆయ్."

"అక్కా!" ఆమె భుజం పట్టుకున్నాను. "వద్దక్కా, నీ ముడి పోద్ది. బావ కట్టిన ముడి. మళ్ళీ రాదు."

"నోర్ముయ్రా, అమ్మాయితో మాట్లాడతన్నాను."

"ఎంత కాలముగా ఉన్నది ఈ బాధ?" అని అడిగింది సుభాషిణి.

అక్క పలకకేసి తిన్నగా చూసి, ఊపిరి నింపుకుని, రేవు దాకా వినిపించేలా అంది.

"ఆ...య్!"

కొత్త నమోదు వచ్చింది. వంశపారంపర్య బాధ. రోగులు ఇద్దరు. రెండు తెప్పిళ్ళూ ఒకే మోకుకి కట్టి తరలించుట.

అమావాస్య పోటు

లాక్కెళ్ళే పడవ తెల్లారేటప్పటికి వచ్చింది. నా ముడి దాని ఇనుప చెయ్యి చిటికెలో విప్పేసింది. అక్క ముడి మాత్రం ఆమే విప్పాలి. నేను సాయం వస్తానంటే చెయ్యి విదిలించి కొట్టింది. ఉప్పుకి బిగుసుకుపోయిన మోకు, గోళ్ళు విరిగాయి. చాలాసేపు పట్టింది. విడిపోయాక మోకు చివర ఒకసారి చేత్తో నిమిరి నీళ్ళలోకి వదిలేసింది.

పడవ కదిలాక బల్ల దాటి ఆమె తెప్పిల్లుకి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది, లంకకి వీపు పెట్టి.

"ఎందుకక్కా ఇలా చేశావు?"

"ఏం చేశాను? నిజంగానే మోకాలు సలిపింది. ఆ పిల్ల అడిగింది, చెప్పాను."

"నీ మోకాలు బాగుంది కదా."

"నీకు తెలుసా నాకు తెలుసా?" ఒక గుప్పెడు కాయలు నా ఒళ్ళో పోసింది. "ఆ ఓడలో రోగులకి గంజి పోత్తారంట. నువ్వు గంజి తాగుతావా? చిన్నప్పుడు జొరమొస్తేనే తాగలేదు. ఈనెలు సరిగ్గా తియ్యి, నోటికి అడ్డం పడతాయి."

తీశాను. కళ్ళు కనిపించక సగం కాయలు పాడుచేశాను. అక్క వాటిని ఏరుకుని తన ఒళ్ళో వేసుకుంది. ఇన్ని ఉద్యోగాలకి పెట్టి ఒక్కటీ తెచ్చుకోలేని వాడి కోసం ఆమె తన ఇంటిని ఊరి నుంచి విప్పుకుని వచ్చేసింది. నేను దానికి తగినవాణ్ణి కాను. ఆ మాట ఆమెతో అంటే గరిటె పుచ్చుకుంటుంది గనక ఇక్కడ రాస్తున్నాను.

ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆమె బదులు నేనే చూశాను. బావ స్తంభం ఇంకా కనిపిస్తోంది. దాని పక్కన అప్పుడే కొత్త తెప్పిల్లు ఒకటి వచ్చి ఆగింది. పడుచు జంట ఒకటి మోకు పట్టుకుని, ఎలా ముడి వేయాలో తెలియక ఒకరినొకరు చూసుకుంటూ నవ్వుతున్నారు.

"ఏంట్రా అటు చూత్తన్నావు? ఏమన్నా కనిపిత్తందా?"

"ఏం లేదక్కా. నీళ్ళే."